తలకాయకి అవతలివైపు

కాగితం మీద ఆఖరి గడిలో మూడే మాటలు ఉన్నాయి. "కారణం: కార్మికుని అజాగ్రత్త."

ఆ మాటల్ని టైపు చేసింది సొరంగం ఆఫీసులో డ్రాయింగులు గీసే నీవెసే. ఇంజనీరు జనెల్లా కిటికీ దగ్గర నిలబడి, వీపు ఇటు పెట్టి చెబుతూ పోయాడు, ఆమె కొడుతూ పోయింది. కొడుతున్నంతసేపూ వేళ్ళు ఆగలేదు. కాగితం బయటికి లాగి, తప్పులు చూద్దామని మొదటినుంచీ చదువుకున్నాక మాత్రం చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ముందురోజు, గురువారం, పగటి షిఫ్టులో జరిగింది. సొరంగంలో రెండు కిలోమీటర్ల లోపల కొండని తొలిచే యంత్రం ఆగి ఉంది. దాని తలకాయ ముందు భాగాన ఇరవై ఎనిమిది కోత చక్రాలు ఉంటాయి. అవే తిరుగుతూ రాయిని నొక్కి, పెళ్ళలు పెళ్ళలుగా రాలుస్తాయి. వాటిలో ఒకటి అరిగిపోయింది. యంత్రాన్ని అరమీటరు వెనక్కి జరిపి, తలకాయలో ఉన్న కంతలోంచి పాకి, కూలీ ఫెర్మో అవతలికి వెళ్ళాడు. ముందు కొండ, వెనక ఇనుము, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత సందు. బోల్టులు విప్పుతుంటే పైనుంచి రాయి ఊడి భుజం మీద పడింది. ఎముక మూడు చోట్ల విరిగింది. ఇరవై ఎనిమిదేళ్ళవాడు.

ప్రమాదం రిపోర్టుకి డ్రాయింగు జత చెయ్యాలి. నీవెస్ బీరువాలోంచి తలకాయ డ్రాయింగు తీసి బల్ల మీద పరిచింది. మూల గడిలో "గీసినది: ఎన్. దాల్ ఫర్రా" అని తన పేరు, తన దస్తూరీ. నాలుగేళ్ళ కిందటిది. కింద జనెల్లా సంతకం. ఫెర్మో ఎక్కడ నిలబడి ఉంటాడా అని ఆమె వేలితో వెతికింది. కొండని చూపించే గీత ఒకటి, తలకాయని చూపించే గీత ఒకటి, మధ్యలో తెల్లగా ఖాళీ. బోల్టులన్నీ ఆ ఖాళీ వైపే ఉన్నాయి. వాటిని అలా పెట్టింది తనే. ఆవేళ ఎంత ముచ్చటగా, ఎంత శుభ్రంగా కుదిరాయో కూడా ఆమెకి గుర్తుంది.

"ఇంజనీరుగారూ, అక్కడికి పోకుండా చక్రం మార్చే దారి మనం ఉంచలేదు కదండీ. మరి వెళ్ళినవాడిది అజాగ్రత్త ఎలా అవుతుంది?"

జనెల్లా వెనక్కి తిరగలేదు. "ఆ గడిలో ఏదో ఒకటి రాయాలి నీవెస్. డ్రాయింగు తప్పని రాయమంటావా?"

"నేను గీసిందే కదండీ. రాయండి."

"నీ పేరు కింద నా సంతకం కూడా ఉందమ్మా," అన్నాడు ఆయన.

చెడ్డవాడేమీ కాదు జనెల్లా. ఆ మాటకొస్తే ఆ లోయలో యంత్రాలని ఆయన ప్రేమించినట్టు ఇంకెవరూ ప్రేమించరు. ఆయన కుర్చీ వెనక గోడ మీద ఒక పాత బొమ్మ వేలాడుతూ ఉంటుంది. నూట యాభై ఏళ్ళ కిందట లండనులో నది అడుగున సొరంగం తవ్విన ఇనప చట్రం అది. మూడంతస్తుల్లో ముప్ఫై ఆరు గళ్ళు, గడికో మనిషి, మనిషికో పలుగు. ఒక్కొక్కడూ తన ఎదుట ఉన్న పలక తీసి, జానెడు మట్టి తవ్వి, పలక మళ్ళీ బిగిస్తాడు. అందరూ తవ్వాక చట్రం ముందుకి జరుగుతుంది. చుట్టూ మన్ను విరుచుకుపడకుండా చట్రం కాస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి వాడికీ జనెల్లా ఆ బొమ్మ చూపించి, "ఇదీ మన ముత్తాత," అంటాడు. తర్వాత గుండ్రటి కవచాలు ఎలా వచ్చాయో, పలుగుల బదులు తిరిగే తలకాయ ఎలా వచ్చిందో చెబుతూ కాఫీ చల్లార్చుకుంటాడు.

నీవెస్ ఆ బొమ్మని వెయ్యిసార్లు చూసి ఉంటుంది. అందులో ఒకడు టోపీ పెట్టుకున్నాడు, ఇంకొకడు నడుం పట్టుకుని నిలబడ్డాడు. గీసినవాడు ఒక్కడినీ వదిలిపెట్టలేదు. ముత్తాత దగ్గర ముప్ఫై ఆరుమందికీ తలా ఒక గది ఉంది. ఇన్నేళ్ళు యంత్రం ఇంత పెరిగి, ఇంత తెలివి నేర్చి, మనిషికి చోటు లేకుండా చేసుకుందేమిటని ఆమెకి ఒళ్ళు మండింది.

సొరుగు తాళం తీసి, వసంతకాలం నుంచి మడిచి దాచుకున్న ఇంకో డ్రాయింగు తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో చక్రాలు వెనకవైపు నుంచి ఊడతాయి. మనిషి తలకాయ లోపలే, ఇనుము చాటున కూర్చుని, చక్రాన్ని తనవైపు లాక్కుంటాడు. రాయి ముందుకి ఎవరూ పోనక్కర్లేదు.

"మళ్ళీ ఇదేనా!" అన్నాడు జనెల్లా. "పలకకి ఇన్ని పెద్ద కంతలు పెడితే బలం ఎక్కడుంటుంది?"

"కంత చుట్టూ మందపాటి కడియం వేసి వెల్డింగు చేస్తామండీ. లెక్క వేశాను. తలకాయ జానెడు లావవుతుంది, అంతే."

"ఎక్కడైనా చేసి చూశారా?"

"పెరట్లో తుప్పు పట్టిపోతున్న ఆ పాత తలకాయ సంగతి మీరే కదండీ చెప్పారు? దానికి చక్రాలతోపాటు కొక్కేల్లాంటి పళ్ళు కూడా ఉండేవని, అవి రోజూ విరిగిపోతుంటే విసుగెత్తి తీసేశారని, తీసేశాక యంత్రం ఇంకా జోరుగా నడిచిందని. తీసేముందు ఎక్కడైనా చేసి చూశారా?"

జనెల్లాకి నవ్వాగలేదు. తన కథ తనకే చెబితే ఎవరికి కోపం వస్తుంది? డ్రాయింగు దగ్గరికి లాక్కుని కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు. ఈ సొరంగం ఇంకో వారంలో పూర్తవుతుంది. యంత్రాన్ని విప్పి, లోయ అవతల రెండో సొరంగానికి కొత్త తలకాయతో దింపుతారు. దాని పలకలు వచ్చేశాయి. సోమవారం పది గంటలకి కొయ్యడం మొదలు. కోసేది పాత డ్రాయింగు ప్రకారమే. ఒకసారి కోశాక ఇంక నాలుగేళ్ళు మార్చేది ఉండదు.

"ఒక మాట చెప్తా విను," అన్నాడు చివరికి. "అది వాడేది నువ్వూ కాదు, నేనూ కాదు. గౌదెంజియో సరేనంటే సోమవారం నీ డ్రాయింగే కోయిస్తా."

గౌదెంజియో సొరంగం మేస్త్రీ. సరేననడని జనెల్లాకి తెలుసు. తెలిసే అన్నాడని నీవెస్‌కీ తెలుసు.

మధ్యాహ్నం గౌదెంజియో రిపోర్టు మీద సాక్షి సంతకం పెట్టడానికి ఆఫీసుకి వచ్చాడు. యాభై ఆరేళ్ళ మనిషి, పొట్టి, మెడ అన్నది లేదు. ఫెర్మో ఆయన అక్క కొడుకు. కాగితం అందుకుని, దూరంగా పట్టుకుని చదివాడు. ఆఖరి గడి దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి. కలం తియ్యలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"సోమవారం ఇస్తా," అన్నాడు.

"మేస్త్రీగారూ, నన్ను ఒక్కసారి లోపలికి తీసుకెళ్ళండి," అంది నీవెస్. "చక్రం ఎలా మారుస్తారో కళ్ళారా చూడాలి."

"ఎవరు, నువ్వా?" గౌదెంజియో అపశకునం ఎదురైనట్టు చూశాడు. "అమ్మాయ్, సొరంగంలో ఆడది ఒక్కతే ఉంటుంది. బార్బరమ్మ, మమ్మల్ని కాచే పునీతురాలు. ఇంకో ఆడది అడుగుపెడితే ఆవిడకి కోపం. మంగళవారం ఆవిడ పండగ, ఆ రోజైతే అందరికీ దారి తెరిచే ఉంటుంది. రా. సాసేజీలు పెడతాం, వైను పోస్తాం."

"సోమవారం పలకలు కోసేస్తుంటే మంగళవారం వచ్చి ఏం చూడను? మీ సాసేజీలా?"

"అవీ బాగానే ఉంటాయి," అని ఆయన వెళ్ళిపోయాడు.

శనివారం ఉదయం నీవెస్ బస్సెక్కి బెల్లూనో పట్నంలో ఆసుపత్రికి వెళ్ళింది. ఏం చెప్పాలో తెలియదు. బోల్టులు అటువైపు పెట్టింది నేనేనని చెబుదామనుకుంది. మంచం దగ్గరికి వెళ్ళేసరికి ఫెర్మో ఛాతీ నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టుతో, గోడకి ఆనించి పెట్టిన సున్నం బొమ్మలా కూర్చుని, ఎడం చేత్తో బత్తాయి వలవడానికి తంటాలు పడుతున్నాడు. ఆమె తీసుకుని వలిచిపెట్టింది.

"నీవెస్ గారూ, ఇరవై అయ్యాయి!" అన్నాడు మొహం వెలిగిపోతూ.

"ఏమిటి ఇరవై?"

"ముందుకి వెళ్ళడం! ఏడాదిలో ఇరవైసార్లు తలకాయ ముందుకి వెళ్ళొచ్చినవాడే పండగనాడు బార్బరమ్మ విగ్రహాన్ని మొయ్యాలి కదా. నాకు పందొమ్మిదయ్యాయి. మంగళవారంలోగా ఇంకో చక్రం అరగదేమోనని ఎంత బెంగ పెట్టుకున్నానో. అరిగింది. చక్రం మార్చకుండానే రాయి పడ్డా, వెళ్ళొచ్చినట్టే లెక్క అన్నాడట మావయ్య. క్యాంటీను తలుపు మీద గీత కూడా గీశాడట."

"ఈ భుజంతో మోస్తావా?"

"ఇంకో భుజం ఉందిగా." నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగించాడు. తర్వాత గొంతు తగ్గించి, "మావయ్య ముందు సుత్తితో తట్టి చూశాడు. రాయి బోలుగా మోగింది. నాకూ వినిపించింది. ఒక్క క్షణం ఆగి, 'చప్పున పోయి రారా' అన్నాడు. ఆయన అనకపోయినా నేను పోయేవాణ్ణే లెండి," అన్నాడు.

నీవెస్ చేతిలో బత్తాయి తొన అలాగే ఉండిపోయింది. బోలుగా మోగిందంటే రాయి వదులైందని, అప్పుడు ఎవరినీ పంపరు. ముందు ఇనప కడ్డీలతో కెలికి, ఊడేది ఊడనిచ్చి, అప్పుడే మనిషి. ఆఫీసులో కూర్చునే తనకే తెలుసు ఆ సంగతి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మేస్త్రీకి తెలియదా?

"డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది.

"చెయ్యి భుజం దాకా లేస్తుందట. పైకి లేవదట." ఫెర్మో కిటికీలోంచి బయటికి చూశాడు. "టోపీ ఎడం చేత్తో పెట్టుకుంటా. అంతేగా."

బస్సులో తిరిగొస్తూ నీవెస్ ఆలోచించింది. ఈ సంగతి పట్టుకుని గౌదెంజియో మెడలు వంచవచ్చు. నువ్వు సరేనంటావా, లేక ఆ సుత్తి మాట జనెల్లా చెవిన వెయ్యనా అంటే చాలు. అనుకున్నంత తేలిగ్గానే ఆ ఆలోచన మీద అసహ్యమూ వేసింది. అలా ఒప్పించిన మనిషి ఆ యంత్రాన్ని మనసుపెట్టి నడపడు. ఆమెకి కావలసింది ఆయన భయం కాదు, ఆయన చేతులు.

బస్సు దిగి నేరుగా వడ్రంగి షెడ్డుకి వెళ్ళింది. ఒలీవో అక్కడ కాంక్రీటు పోతకి చెక్క అచ్చులు చేస్తాడు. డెబ్భైకి దగ్గరపడ్డాడు, సగం చెవుడు, మిగతా సగం తనకి ఇష్టం లేనప్పుడు.

"ఒలీవో తాతా, నన్ను సొరంగంలోకి రానివ్వరట. అందుకని సొరంగాన్నే బయటికి తెద్దామనుకుంటున్నా."

ఒలీవో డ్రాయింగు చూశాడు, ఆమెని చూశాడు, గోడవారన పేర్చిన పాత చెక్కల్ని చూశాడు. "ఎంత పెద్దది?"

"నాలుగో వంతు చాలు. కానీ కొలత అసలుదే ఉండాలి. వేలెడు కూడా తేడా రాకూడదు."

"వేలెడు తేడా వస్తే నేను వడ్రంగినేనా?" అని రంపం అందుకున్నాడు.

సాయంత్రానికి షెడ్డులో తలకాయ ముక్క ఒకటి లేచింది. ఎదురు పలక, దాని వెనక మనిషి దూరే అర, మూడు చక్రాలకి మూడు కంతలు. చక్రాల బదులు అంత బరువూ ఉండేలా ఇసుక నింపిన చెక్క బిళ్ళలు, ఒక్కొక్కటి ఎనభై కిలోలు. బోల్టులు మాత్రం అసలువే.

ఆదివారం చర్చి అయ్యాక ఆ కబురు ఊరంతా పాకింది. పన్నెండు గంటలకల్లా షెడ్డు ముందు పదిమంది సొరంగం కూలీలు పండగ బట్టలతో చేరారు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటూ నవ్వుతున్నారు.

"ఇదేంటి ఒలీవో, కోళ్ళగూడా?"

"నీకైతే సరిపోతుంది, దూరు," అన్నాడు ఒలీవో.

గౌదెంజియో అందరికంటే ఆఖర్న వచ్చాడు. చెక్క తలకాయ చుట్టూ ఒకసారి తిరిగాడు. అరలోకి తొంగి చూసి, "ఇంత నున్నగా ఉందేమిటి లోపల? మా అక్క వంటగది కూడా ఇలా ఉండదు," అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆయన కోటు విప్పి మేకుకి తగిలించి, చొక్కా చేతులు మడిచి, షెడ్డు బయట ఉన్న గులకరాళ్ళ గుట్ట దగ్గరికి వెళ్ళాడు. నాలుగు పారల రాళ్ళూ మట్టీ తెచ్చి అరలో కుమ్మరించాడు. రెండు బకెట్ల నీళ్ళు పోశాడు. "ఇదీ తలకాయ లోపల అంటే. ఇప్పుడు చూడు."

పాకుతూ లోపలికి దూరాడు. నీవెస్ అవతల మోకాళ్ళ మీద కూర్చుని, కంతలోంచి చూస్తోంది. అంతవరకూ ఆమె మనసులో అక్కడ ఒక మనిషి నిలబడి పనిచేస్తున్నాడు. గౌదెంజియో నిలబడలేదు. రాళ్ళ మీద ఎడం పక్కకి పడుకుని, ఒక మోకాలు గోడకి తన్నిపెట్టి, తల వెనక్కి వేలాడేసి పైకి చూస్తూ చెయ్యి చాపాడు. అలా పడుకోవడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఇలాంటి ఇరుకుల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఒంటికి అదే తెలుసు. స్పానరు బోల్టుకి తగిలించి తిప్పబోయాడు. పావు తిప్పు తిరిగి గోడకి కొట్టుకుంది.

"ఇదిగో. బోల్టు పక్కకి చూస్తోంది. నేనేమో కింద ఉన్నా. పావు తిప్పు, మళ్ళీ తీసి పెట్టు, మళ్ళీ పావు తిప్పు. ఒక్కో బోల్టుకి ఒక పూట."

నీవెస్ పెన్సిలు తీసి చెక్క మీదే గీసింది. "ఇలా మీవైపు చూస్తే?"

ఆయన అటు తిరిగి చెయ్యి చాపి చూసుకున్నాడు. "ఇంకొంచెం కిందికి. ఊ. అక్కడ."

"తర్వాత?"

"చక్రానికీ కంతకీ మధ్య ఎంత ఖాళీ పెట్టావ్? వేలెడా? అందులో రాతిపిండి దూరి సిమెంటులా గట్టిపడుతుంది. ఎనుబోతుని కట్టి లాగినా రాదు. రెండు వేళ్ళు కావాలి."

ఆమె రాసుకుంది. రెండు వేళ్ళు.

"బరువు ఎవడు పట్టుకుంటాడు? పైన కొక్కెం పెట్టావు. కొక్కెం మీద రాళ్ళు పడతాయి. కొక్కెం వద్దు. పట్టాల్లా రెండు కమ్మీలు వెయ్యి. తలకాయని తిప్పి, మార్చాల్సిన చక్రాన్ని నడుం ఎత్తుకి తెచ్చుకుంటాం. కమ్మీల మీద అదే జారుకుంటూ ఒళ్ళోకి వస్తుంది."

గంటన్నర గడిచింది. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. కూలీలు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి, "మేస్త్రీ, అక్కడ దీపం పెట్టే చోటు కావాలి," "మోకాలికి ఒక మెట్టు ఉంటే బాగుండు," అంటున్నారు. గౌదెంజియో మట్టి కొట్టుకుపోయి, లోపలినుంచి కేకలేస్తున్నాడు. ఇసుక బిళ్ళని, ఒలీవో అప్పటికప్పుడు బిగించిన కమ్మీల మీద తనవైపు జార్చుకుని, రెండు మోకాళ్ళ మధ్య ఆపి, తిప్పి, మళ్ళీ కంతలోకి తోశాడు. ఎనభై కిలోల బరువు ఆయన చేతుల్లో నెమ్మదిగా, చప్పుడు లేకుండా తన గూట్లోకి వెళ్ళి కూర్చుంది. నీవెస్‌కి గుండె నిండిపోయింది. నాలుగేళ్ళు స్కూళ్ళో, పన్నెండేళ్ళు బల్ల దగ్గరా నేర్చుకున్నదానికంటే ఈ గంటన్నరలో ఎక్కువ నేర్చుకుంది. ఈ చేతుల్ని చూడకుండా ఇన్నాళ్ళూ ఎలా గీసిందో ఆమెకే అర్థం కాలేదు.

గౌదెంజియో బయటికి వచ్చి, బకెట్లో చేతులు కడుక్కుని, కోటు వేసుకున్నాడు.

"బాగానే ఉంది బొమ్మ," అన్నాడు. "మాకొద్దు."

"ఎందుకని?" అంది నీవెస్. "పని చేస్తుందని మీరే చూపించారు కదండీ!"

"పని చేస్తుంది. అందుకే వద్దు. చాటున కూర్చుని చక్రాలు మార్చుకునేవాడు బార్బరమ్మని ఏ మొహంతో మోస్తాడు? ముందుకి వెళ్ళొచ్చాడు కాబట్టి ఆవిడ వాడి భుజం ఎక్కుతుంది. మా నాన్న మోశాడు, నేను మోశాను. రేపటినుంచి ఎవరు మోస్తారు, ఆఫీసు గుమాస్తాలా?"

కూలీలు తలలు ఊపారు. ఫెర్మో అన్న మాటలు నీవెస్ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయన కళ్ళలోకి చూసింది. మింగేసింది. గౌదెంజియో చూపు తిప్పుకుని నడిచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే కదిలారు. ఒలీవో మాత్రం పెన్సిలు గీతలున్న చెక్కల్ని విప్పకుండా, మీద గోనె కప్పాడు.

నీవెస్ ఆ సాయంత్రమే డ్రాయింగు మళ్ళీ గీసింది. బోల్టులు కిందికి, రెండు వేళ్ళ ఖాళీ, కొక్కెం బదులు కమ్మీలు, మోకాలికి మెట్టు. ఎవరూ కొయ్యరని తెలిసీ గీసింది. తప్పుగా ఉన్నదాన్ని అలా వదిలెయ్యలేకపోయింది.

సోమవారం పది గంటలకి పలక కోత బల్ల మీద ఉంది. అరచెయ్యి మందం, మనిషికి రెండింతల వెడల్పు. గ్యాసు కోత చేసే తుల్లియో నల్ల కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, పాత డ్రాయింగు ప్రకారం సుద్దగీతలు మొదలుపెట్టబోతున్నాడు. జనెల్లా చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. నీవెస్ కొత్త డ్రాయింగు చుట్టి చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. అడిగి కాదనిపించుకోవడం ఎందుకని లోపలికి రాలేదు.

గౌదెంజియో వచ్చాడు. షిఫ్టు బట్టల్లోనే ఉన్నాడు, గడ్డం గీసుకోలేదు.

"తుల్లియో, ఒక్క నిమిషం ఆగు," అన్నాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి పలక మీద పరిచాడు. "ఇంజనీరుగారూ, ముందు ఇది తేల్చండి. అజాగ్రత్త అన్న మాట నిజమే. మనిషే వేరు."

"అంటే?"

"నాది. గురువారం రాయిని సుత్తితో తట్టాను. బోలుగా పలికింది. ఇంకో రోజైతే అక్కడికి కుక్కని కూడా పంపను. కానీ వాడికి పందొమ్మిదయ్యాయి. పండగ దగ్గరికి వచ్చేసింది. మా అక్క కొడుకు బార్బరమ్మని మోస్తుంటే చూడాలని నాకు. చప్పున పోయి రారా అన్నాను." మీసం మీద చెయ్యి రాసుకున్నాడు. "నిన్న సాయంత్రం ఆసుపత్రికి పోయాను. వాడు నాకు కృతజ్ఞతలు చెప్పాడు. వింటున్నారా? చెయ్యి పైకి లేవని మేనల్లుడు నాకు కృతజ్ఞతలు చెప్పాడు."

తుల్లియో తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇది రాస్తే నీ మేస్త్రీ పని పోవచ్చు గౌదెంజియో," అన్నాడు జనెల్లా మెల్లగా.

"పోతే పోతుంది. రాయండి. రాశాక ఆ అమ్మాయి చెప్పినట్టు కొయ్యండి."

"నిన్న మీవాళ్ళ ముందే వద్దన్నావట."

"అన్నాను. మావాళ్ళు ఇంకా వద్దనే అంటారు. నేను చెప్పుకుంటా, నన్ను తిట్టుకుంటారు." గౌదెంజియో భుజాలు ఎగరేశాడు. "బార్బరమ్మ సంగతంటారా, వచ్చే ఏడాది అందరం కలిసి మోస్తాం. బరువన్నా తగ్గుతుంది."

జనెల్లా నీవెస్ వైపు చెయ్యి చాపాడు. ఆమె డ్రాయింగు ఇచ్చింది. ఆయన పలక మీద పరిచి, కడియాల మందం దగ్గర వేలు పెట్టి పెదాలు కదుపుతూ లెక్క చూసుకున్నాడు. కమ్మీల దగ్గర ఆగాడు, మెట్టు దగ్గర ఆగాడు. "మోకాలికి మెట్టు," అని తనలో తను అనుకుని, సంబరాన్ని దాచుకోలేక నవ్వాడు. కలం తీసి సంతకం పెట్టాడు. తర్వాత రిపోర్టు కాగితం లాక్కుని ఆఖరి గడిలో ఉన్నది కొట్టేశాడు. గౌదెంజియో చెప్పింది రాశాడు. దాని కింద ఇంకో పంక్తి రాశాడు: "చక్రాల బోల్టులు ముందువైపున ఉండటం. ఆమోదించినది: జనెల్లా."

"నా పేరు కూడా," అంది నీవెస్.

"నువ్వు గీశావు. ఒప్పుకున్నది నేను," అని ఆయన కాగితం గౌదెంజియో ముందుకి జరిపాడు. మేస్త్రీ ఇప్పుడు కలం అందుకున్నాడు.

తుల్లియో కళ్ళజోడు దించుకున్నాడు. నీలం మంట బుసకొట్టింది. మధ్యాహ్నం రెండింటికి మొదటి కంత పూర్తయి, ఇనప బిళ్ళ ఊడి, కింద ఉన్న ఇసుకలో పడింది. అంచుల మీద నీళ్ళు పోశారు. పలక ఎక్కడైనా వంగిందేమో చూడటానికి క్రేనుతో నిలువుగా లేపి ఆపారు. గౌదెంజియో పనిలోకి పోకుండా అక్కడే ఉన్నాడు. పలక వెనక నేల మీద, తన అలవాటు ప్రకారం ఎడం పక్కకి పడుకుని, చెయ్యిని కంతలోంచి దూర్చాడు. మోచెయ్యి దాకా వెళ్ళింది, భుజం దాకా వెళ్ళింది. ఎక్కడా తగల్లేదు.

నీవెస్ అంచు కొలుద్దామని ముందువైపుకి వెళ్ళింది. ఆమె మొహం ఎదురుగా ఇనుములోంచి ఆ చెయ్యి బయటికి వచ్చింది. మచ్చలతో, విరిగి అతుక్కున్న వేళ్ళతో, గాలిలో బోల్టు కోసం తడుముకుంటోంది. ఆమె కోత బల్ల మీది బోల్టు ఒకటి తీసి ఆ అరచేతిలో పెట్టింది. వేళ్ళు ముడుచుకున్నాయి.

"ఎవరది, ముందు?" అని వెనకనుంచి గౌదెంజియో కేకేశాడు.

"నేనే మేస్త్రీగారూ."

"అక్కడేం చేస్తున్నావ్? ఇవతలికి రా!" అని కసిరాడు ఆయన. "అక్కడ ఇంకెవరూ నిలబడకూడదు."